పక్కింటి తలుపు మీద బ్యాంకు నోటీసు: ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. కొన్నేళ్ల తేడాలో రెండు కుటుంబాలు అప్పు తీర్చలేక ఇల్లు వదులుకుని వెళ్లాయి. మొదటిసారి మేమెవరం ఏమీ చేయలేదు, చేసిన ఒకటి రెండు పనులు కూడా చెడ్డవే. రెండోసారి కాస్త నయం. అప్పటికి నేను అసోసియేషన్ సెక్రటరీని. కారిడార్‌లో, మెట్ల మీద, రాత్రి పది దాటాక ఫోన్లలో జనం నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. నేను లాయర్ని కాను. బ్యాంకుకు తాకట్టు పెట్టిన ఇల్లు పోయే సందర్భం గురించే రాస్తున్నాను. రోడ్డు వెడల్పులో పోయే ఇళ్లకు చట్టం వేరు.

తలుపు మీద నోటీసు చూశాను. చూడనట్టు ఉండాలా, పలకరించాలా?

పలకరించాలి. అది దాచుకునే వీలున్న కాగితం కాదు. ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు బ్యాంకు ఇచ్చే నోటీసును బయటి తలుపు మీద అంటించాలి, 7 రోజుల్లోపు రెండు పేపర్లలో వేయించాలి, అందులో ఒకటి స్థానిక భాషది అయ్యుండాలి. నిబంధనే అలా ఉంది. అంటే మీరు చూసే ఉంటారని వాళ్లకి తెలుసు. మీకు తెలుసని వాళ్లకి తెలిశాక కూడా మీరు లిఫ్ట్‌లో ఫోన్ చూసుకుంటూ నిలబడితే, దానికి వాళ్లు చెప్పుకునే అర్థం ఒకటే.

మొదటి కుటుంబం విషయంలో ఇదే జరిగింది. నాలుగో అంతస్తు ఆంటీ మోకాళ్ల నొప్పులతోనే మెట్లు దిగడం మొదలుపెట్టారు. డాక్టర్ నడవమన్నాడేమో అనుకున్నాం. లిఫ్ట్‌లో మా ముఖాలు చూడలేక దిగుతున్నారని మాకు తట్టడానికి నెల పట్టింది.

ఎలా మొదలుపెట్టాలంటే, పిల్లలు లేని సమయం చూసి, ఇంటికి వెళ్లి, ఒక్కసారి చెప్పండి. "వదినా, నోటీసు చూశాను. కాగితాల పనికో, ఎక్కడికైనా తోడు రావడానికో నన్ను పిలవండి. ఎప్పుడైనా సరే." అంతే. "ఎంత బాకీ ఉంది, ఎలా వచ్చింది, మీవాళ్లకి చెప్పారా" అని అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. ఆ మాట అన్నాక మామూలుగా ఉండండి. పెరుగు తోడు అడగాల్సి వస్తే అడగండి. ఆ ఇంటికి అడగడానికి వచ్చేవాళ్లంతా బాకీ కోసమే వస్తున్న రోజుల్లో, గిన్నె పట్టుకుని తోడు కోసం వచ్చిన మనిషిని చూస్తే ఎంత తేలికపడతారో నేను కళ్లారా చూశాను.

నోటీసు వచ్చిందంటే రేపో ఎల్లుండో ఖాళీ చేయాల్సిందేనా?

కాదు. ఇది పక్కింటివాళ్లకి తెలిసి ఉంటే చాలా మంచిది, ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్లు భయంలో లెక్క తప్పుతారు. బ్యాంకులు వాడేది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే అధికారం అది ఇస్తుంది. అయితే దానికీ మెట్లున్నాయి.

వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఆ ఖాతాను మొండి బాకీగా రాసుకుంటారు. తర్వాత ఈ చట్టం 13(2) సెక్షన్ కింద, మొత్తం బాకీ కట్టమని డిమాండ్ నోటీసు ఇస్తారు, దానికి 60 రోజుల గడువు. ఈ 60 రోజుల్లో అప్పు తీసుకున్నవాళ్లు తమ అభ్యంతరం రాసి ఇస్తే, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ తేలకపోతే స్వాధీనం నోటీసు, అంటే తలుపు మీద మీరు చూసింది. చాలాసార్లు అది కాగితం మీది స్వాధీనమే. మనుషులు ఇంట్లోనే ఉంటారు. దాని మీద అప్పుల రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి 45 రోజులు ఉంటుంది. తర్వాత వేలం నోటీసు. మొదటి వేలమైతే ప్రకటనకూ వేలానికీ మధ్య 30 రోజులు ఉండాలి. తాళాలు నిజంగా చేతులు మారాలంటే బ్యాంకు నగరాల్లో చీఫ్ మేజిస్ట్రేట్ దగ్గరకో, జిల్లాల్లో కలెక్టర్ దగ్గరకో వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఒకటుంది. మొత్తం బాకీ కట్టేసి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే వరకే. వేలం రోజు దాకా టైముందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 2016 సవరణతో అది పోయింది, 2023లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆ పాత మాట నమ్మి కూర్చుంటే ఇల్లు దక్కదు.

మాకు చట్టం తెలియదు, డబ్బూ లేదు. ఇంక మేం చేయగలిగేది ఏముంటుంది?

కవర్లు విప్పండి.

నవ్వులాట కాదు. రెండో కుటుంబం ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక బట్టల షాపు సంచి ఉండేది. అందులో ఎనిమిది నెలల రిజిస్టర్డ్ పోస్టు కవర్లు, సగం విప్పనివే. ఇంటాయన చదువుకున్న మనిషి, పాతికేళ్లు అకౌంట్స్ చూసినవాడు. అయినా బ్యాంకు ముద్ర ఉన్న కవర్ చూస్తే చేతులు వణికేవని తర్వాత చెప్పాడు. పైన చెప్పిన 60 రోజులు, 45 రోజులు అన్నీ ఆ సంచిలోనే కరిగిపోయాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చోండి. టీ పెట్టించుకోండి. కవర్లు ఒక్కొక్కటీ విప్పి తేదీల వారీగా పేర్చండి. ఒక నోటుబుక్‌లో ఏ తేదీన ఏ కాగితం వచ్చింది, అందులో ఎంత బాకీ రాశారు, ఎన్ని రోజుల గడువు అని రాయండి. కవర్ మీది పోస్టల్ ముద్ర కూడా దాచండి, నోటీసు ఎప్పుడు చేరిందన్నది తర్వాత వాదనకు వస్తుంది. తర్వాత లోన్ స్టేట్‌మెంట్ కావాలని బ్యాంకుకు ఒక దరఖాస్తు రాయించి, రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకోండి. ఫోన్‌లో మాట్లాడింది ఏదీ లెక్కలోకి రాదు. మేనేజర్ మంచివాడైనా సరే, వచ్చే నెల బదిలీ అయిపోతాడు.

కాగితాలు చూస్తున్నప్పుడు రెండు విషయాలు వెతకండి. తాకట్టు పెట్టింది వ్యవసాయ భూమి అయితే ఈ చట్టం దానికి వర్తించదు. అలాగే మిగిలిన బాకీ, అసలూ దాని వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం కంటే తక్కువే ఉన్నా వర్తించదు. పదిహేనేళ్లు సక్రమంగా కట్టి చివర్లో జారిపోయినవాళ్లకి ఈ రెండోది పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. చదివింది ఆ గదిలోనే వదిలేయండి. మీ ఇంట్లో అడిగినా "కాగితాలు సర్దాం" అని ఊరుకోండి.

ఇంటాయన పోయాక వాయిదాలు ఆగిపోయాయి. ఆవిడ ఒక్కతే ఉంది.

అన్నిటికంటే ముందు ఇన్సూరెన్స్ చూడండి. హోమ్ లోన్ ఇచ్చేటప్పుడు చాలాచోట్ల అప్పుకు సరిపడా బీమా కూడా కట్టిస్తారు, ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తారు. సంతకాలు చేసింది ఆయన కాబట్టి ఆవిడకి ఆ సంగతే తెలియకపోవచ్చు. లోన్ మంజూరు లేఖలో, మొదటి నెల స్టేట్‌మెంట్‌లో ప్రీమియం పేరుతో కోత ఉందేమో వెతకండి. ఉంటే మరణ ధ్రువపత్రంతో బీమా కంపెనీకీ బ్యాంకుకీ రెండు చోట్లా రాతపూర్వకంగా అడగాలి. ఆఫీసులో ఇచ్చిన గ్రూప్ బీమా, పీఎఫ్‌తో వచ్చే బీమా కూడా అడగండి. కర్మలు అయ్యేదాకా ఆగి అడగడం మర్యాద. మూడు నెలలు ఆగడం మాత్రం మర్యాద పేరుతో చేసే అన్యాయం.

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు.

న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లా కోర్టులో ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. ఇల్లు భార్య పేరు మీదో, ఇద్దరి పేర్ల మీదో ఉంటే ఆవిడ పేరుతో దరఖాస్తు పెట్టవచ్చని చాలామందికి తట్టదు. హెల్ప్‌లైన్ 15100.

వెళ్లాల్సిన చోటు మామూలు సివిల్ కోర్టు కాదు, ట్రిబ్యునల్. మన దగ్గర అవి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. "సివిల్ కోర్టులో స్టే తెస్తా, యాభై వేలివ్వండి" అని ఎవరైనా వస్తే, సర్ఫేసీ చట్టం 34వ సెక్షన్ చదివి వినిపించమనండి. సివిల్ కోర్టు ఇందులో చేయి పెట్టకూడదని అక్కడే రాసి ఉంది. నిజంగా తెలిసిన లాయర్ మీకే ముందు ఆ మాట చెప్తాడు.

మీరు చేయగలిగింది తోడు వెళ్లడం. కొత్తచోట రెండు గంటలు బెంచీ మీద కూర్చోవడానికి మనిషి కావాలి. లాయర్ చెప్పేది ఆ ఇంట్లోవాళ్లకి సగమే చెవికెక్కుతుంది, కాబట్టి మీరు రాసుకోండి.

అందరం తలా కొంత వేసుకుని వాళ్ల ఈఎంఐలు కడదామా?

మంచి మనసే. కానీ డబ్బు ఎక్కడ పెడితే పనికొస్తుందో చూడండి. డిమాండ్ నోటీసు వచ్చిందంటే బ్యాంకు అడుగుతున్నది ఆగిపోయిన మూడు నాలుగు వాయిదాలను కాదు, మొత్తం అప్పుని. అపార్ట్‌మెంట్ అంతా కలిసి కట్టే ఒక నెల ఈఎంఐ అందులో ఎటు పోయిందో కూడా కనిపించదు. ఇంకా నోటీసు రాని దశలో, ఉద్యోగం పోయి రెండు నెలలు తడబడుతున్నవాళ్లకి అయితే అదే డబ్బు ఇల్లు నిలబెట్టవచ్చు.

నోటీసు వచ్చాక మా అనుభవంలో పనికొచ్చినవి ఇవి: కొత్త అద్దింటి అడ్వాన్సు, సామాను తరలించే బండి, పిల్లల టర్మ్ ఫీజు, మందులు. ఇల్లు పోయేవాళ్ల చేతిలో సరిగ్గా ఆ వారం పదివేలు కూడా ఉండవు.

ఇచ్చే పద్ధతి ఇంకా ముఖ్యం. పెళ్లిలో చదివింపులు రాసినట్టు ఎవరెంత ఇచ్చారో పేర్లతో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెళ్లివాళ్లు ఆ పుస్తకం చూసి రేపు వాళ్ల పెళ్లికి తిరిగి చదివిస్తారు. వీళ్లు ఎప్పటికి తీర్చగలరు? ఒకరే పోగుచేసి, ఎవరెంత ఇచ్చారో తనలోనే ఉంచుకుని, ఒకే కవర్‌లో ఇంటావిడ చేతికివ్వాలి. మేం ఇచ్చినప్పుడు ఆవిడ తీసుకోలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడ తమ్ముడు వస్తే అతనికిచ్చాం, తీసుకున్నాడు. ఇంటావిడ పరువు నిలబడింది, మా పనీ అయింది.

హామీ సంతకం పెట్టమని అడుగుతున్నారు.

పెట్టకండి. భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. మునిగేది రెండిళ్లు అవుతాయి. ముఖం మీద "కుదరదు అన్నయ్యా, నాకు ఆ శక్తి లేదు" అని చెప్పడం, నాన్చి నాన్చి ఫోన్ ఎత్తకుండా తప్పించుకోవడం కంటే ఎంతో నయం. చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా మీరు మర్చిపోగలిగినంతే ఇవ్వండి.

బయట వడ్డీకి తెచ్చి బ్యాంకు బాకీ కట్టేస్తామంటున్నారు. చెప్పొచ్చా?

ఇక్కడ నోరు విప్పాల్సిందే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే చెవికి చిన్నగా వినపడుతుంది, ఏడాదికి 36 శాతం. 2015 చివర్లో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం గుర్తుందా? ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు రాయించుకుని జనాన్ని వేధించింది ఇలాంటి తొందర అప్పులిచ్చినవాళ్లే. బ్యాంకుకు కనీసం గడువులు, నోటీసులు ఉన్నాయి. లోన్ యాప్‌ల గురించి వేరే చెప్పక్కర్లేదు.

దానికి బదులు రెండు దారులు గుర్తుచేయండి. ఒకటి, బ్యాంకుతో ఒకేసారి సెటిల్‌మెంట్ మాట్లాడటం, రాతపూర్వకంగా. అయితే సెటిల్‌మెంట్ ఇవ్వడం వాళ్లిష్టం, హక్కుగా అడగలేం. రెండు, వేలం దాకా పోనివ్వకుండా బ్యాంకు అనుమతితో తామే ఇల్లు అమ్ముకోవడం. డిమాండ్ నోటీసు వచ్చాక అనుమతి లేకుండా అమ్మకూడదు, ఉంటే అమ్మవచ్చు. వేలంలో కొనేవాడు చౌకగా వస్తుందనే వస్తాడు. మామూలుగా కొనేవాడు వంటింటి గూళ్లు, గాలి వెలుతురు చూసి ధర చెప్తాడు. ఆ తేడా లక్షల్లో ఉండొచ్చు. ఆ కొనేవాడిని వెతికిపెట్టడం మీలాంటి పక్కింటివాళ్లకి చేతనైన పని.

రికవరీ ఏజెంట్లు మా తలుపు కొట్టి వాళ్ల గురించి అడుగుతున్నారు.

"మాకు తెలియదండీ" అని తలుపేసుకోండి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత అప్పు కోసం ఫోన్లు చేయకూడదని, అప్పు తీసుకున్నవాళ్లని నలుగురిలో అవమానించకూడదని, వాళ్ల బంధువుల, స్నేహితుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. అయినా గొడవ చేస్తే తేదీ, టైం రాసి పెట్టండి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు, వివరాలు అడగడానికి 14448 నంబరుంది. వేలాన్ని అది ఆపదు, ఏజెంట్ల నోరు మాత్రం ఆగుతుంది.

"స్తోమతకు మించి కొన్నారు, అనుభవించనీ" అంటున్నారు మా ఇంట్లో.

అప్పు చేసి పప్పు కూడు అనే సామెత మా ఇంట్లోనూ తిరిగింది. పోయిన ఇళ్లన్నీ సోకు ఇళ్లేం కావు. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ, 2022 మే మొదట్లో 4 శాతం ఉండేది, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మారే వడ్డీ మీద అప్పు తీసుకున్న ప్రతి ఇంట్లో దాని దెబ్బ పడింది. ఇంకో సంగతి, ఇంటి కోసం చేసిన అప్పుకే ఇల్లు పోదు. తమ్ముడి వ్యాపారానికి ఇల్లు తాకట్టు పెట్టి సంతకం చేసినవాళ్ల ఇళ్లూ ఇదే చట్టం కింద పోతాయి. మా మొదటి కుటుంబం కథ అదే. అది మాకు వాళ్లు వెళ్లిపోయాక తెలిసింది.

అదే ఫ్లాట్ వేలంలో మేం కొంటే తప్పా?

నన్ను ఎక్కువమంది గుసగుసగా అడిగిన ప్రశ్న ఇది. అడగనివాళ్లు ఆన్‌లైన్‌లో రిజర్వ్ ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, చూసుకున్నారు, అదీ నాకు తెలుసు.

చట్టప్రకారం ఎవరైనా పాడుకోవచ్చు. పాట గెలిచినవాళ్లు అదే రోజు లేదా మరుసటి పనిదినానికల్లా ధరలో 25 శాతం కట్టాలి, మిగతాది మామూలుగా 15 రోజుల్లో. అంటే చేతిలో డబ్బు సిద్ధంగా ఉన్నవాళ్ల ఆట. పాడేవాళ్లు ఎక్కువమంది ఉంటే ధర పెరుగుతుంది. బాకీ, ఖర్చులు పోగా మిగిలింది ఇంటివాళ్లకే చెందుతుంది, తక్కువ పడితే మిగతా బాకీ వాళ్ల నెత్తినే ఉంటుంది. అలా చూస్తే మంచి ధర పెట్టి పాడే పొరుగువాడు వాళ్లకి ఉపకారమే చేస్తున్నాడు.

నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. కొనండి, కానీ ముందు వాళ్లకి చెప్పి కొనండి. "అన్నయ్యా, ఎవరో ఒకరు తీసుకుంటారు, మా అబ్బాయి కోసం మేం చూద్దామనుకుంటున్నాం, మీకు బాధ అయితే మానేస్తాం." ఆ మాట చెప్పే ధైర్యం లేకపోతే పాటకు వెళ్లకండి. కాగితాలు సర్దడానికి కూర్చున్న మనిషి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పాడకూడదు. బాకీ ఎంతో, వాళ్లు ఎక్కడ తలొగ్గుతారో తెలిసినవాడు ఆ లోపలి సంగతితో లాభపడటం నాకు దొంగతనం లాగే కనిపిస్తుంది. నిజంగా కొనాలనుంటే, వేలానికి ముందే బ్యాంకు అనుమతితో వాళ్ల దగ్గరే సరైన ధరకు కొనండి.

వాళ్ల సోఫా, వాషింగ్ మెషిన్ విషయం కూడా ఇంతే. "ఎలాగూ చిన్నింట్లో పట్టదు కదా, మూడు వేలకిచ్చేయండి" అని బేరం ఆడే సమయం కాదది.

ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల సంగతి?

వాళ్లని అందరూ మర్చిపోతారు. అద్దెకున్నవాళ్లు కూడా ఇదే ట్రిబ్యునల్‌లో తమ హక్కు చెప్పుకోవచ్చు, దానికి అద్దె ఒప్పందం, అద్దె కట్టిన రుజువులు కావాలి. ఓనర్‌కిచ్చిన అడ్వాన్సు తిరిగి రావడం కష్టమే. కనీసం నోటీసు సంగతి వాళ్ల చెవిన వేయండి.

మెయింటెనెన్స్ బకాయి ఉంది. అసోసియేషన్‌గా మేం ఏం చేయాలి?

ముందు నా తప్పు చెప్తాను. మొదటి కుటుంబం అప్పుడు బకాయిల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టాం, ఫ్లాట్ నంబర్, ఎన్ని నెలలు, ఎంత. ప్రతి నెలా పెట్టే లిస్టే, కొత్తేం కాదు. కానీ తలుపు మీద ఒక కాగితం, బోర్డు మీద ఇంకో కాగితం. వాచ్‌మన్ చిన్నకొడుకు ఆ లిస్టు గట్టిగా కూడబలుక్కుంటూ చదువుతుంటే ఆ ఇంటి పెద్దమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ లిస్టు అంటించిన టేపు నా డ్రాయర్‌లోదే.

రెండోసారి లిస్టు పెట్టలేదు, ఎవరిదీ. నీళ్లు ఆపే మాట ఎవరన్నా ఎత్తితే మొగ్గలోనే తుంచండి. బకాయి ఎంతో బ్యాంకుకు ఒక ఉత్తరం రాసి తెలియజేయండి. వేలంలో ఆస్తి ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు, ఇలాంటి బకాయిలు చూసుకునే భారం సాధారణంగా కొన్నవాళ్ల మీదే పెడతారు. మీ డబ్బు ఎక్కడికీ పోదు.

పిల్లలకి ఏం చెప్పాలి?

నిజం, చిన్న మాటల్లో. "వాళ్లు బ్యాంకుకు డబ్బు కట్టలేకపోయారు, అందుకని వేరే ఇంటికి వెళ్తున్నారు. మనం వాళ్లింటికి వెళ్తాం, వాళ్లు మనింటికి వస్తారు." స్కూల్లో ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పండి. మారుతున్న ప్రాంతంలో స్కూలు కూడా మారాల్సి వస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లు చేర్చుకోననకూడదు. వీలైతే ఆ సంవత్సరం పాత స్కూల్లోనే పూర్తి చేయనివ్వడం మంచిది. మీ పిల్లల్ని దింపే దారిలో వాళ్లనీ దింపగలిగితే అంతకంటే పెద్ద సాయం లేదు.

ఇంట్లో పెద్దాయన ఆషాఢంలో కదలనంటున్నారు.

మంచిరోజు చూసి ముందే అద్దింట్లో పాలు పొంగించేయండి. దేవుడి పటం, బియ్యం, ఒక దీపం పెట్టి రండి. తర్వాత సామాను ఎప్పుడు వెళ్లినా ఆయనకి అభ్యంతరం ఉండదు. ఆ పొయ్యి దగ్గర మీరూ నిలబడండి. గృహప్రవేశం అంటే పిలుపులు, భోజనాలు ఉంటాయి. దీనికి ఎవరినీ పిలవరు కాబట్టి పిలవకుండానే వెళ్లాలి.

మాటల్లో ఏదో తేడా కనిపిస్తోంది. భయంగా ఉంది.

"ఇంక నేనుండి ఏం లాభం", "నా పాలసీ డబ్బులతో వీళ్లు బాగుపడతారు" లాంటి మాట వినపడితే తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలని ఆలోచన వస్తోందా" అని సూటిగా అడగొచ్చు, అడిగినందుకు లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, దగ్గరివాళ్లకి ఆ రాత్రే చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ మాత్రం గుట్టు కాపాడాలన్న నియమం లేదు.

ఖాళీ చేయించే రోజు మేం ఏం చేయాలి?

వాళ్లే ముందు ఖాళీ చేసి తాళాలిచ్చేస్తే ఆ రోజే ఉండదు, అదే అన్నిటికంటే మంచిది. అలా జరగకపోతే మేజిస్ట్రేట్ నియమించిన అడ్వకేట్ కమిషనరో, రెవెన్యూ అధికారో, పోలీసులు, బ్యాంకువాళ్లు, తాళాలు పగలగొట్టే మనిషి వస్తారు. ఇంట్లో ఉన్న వస్తువుల జాబితా రాసి పంచనామా చేస్తారు, సాక్షి సంతకం మిమ్మల్ని అడగవచ్చు. జాబితా పూర్తిగా చదివాకే పెట్టండి. ఒక కాపీ ఆ ఇంటివాళ్లకి ఇప్పించండి.

అడ్డుపడి గొడవ చేయకండి, కేసు ఆ ఇంటివాళ్ల మీదే పడుతుంది. ఫోన్లు తీసి వీడియో తీసేవాళ్లుంటే ఆపండి. ముందు రోజు రాత్రే ఒక సంచి సిద్ధం చేయించండి: సర్టిఫికెట్లు, ఆధార్లు, బంగారం, మందులు, పెద్దాయన కళ్లజోడు, చార్జర్లు. ఆ సంచి మీ ఇంట్లో ఉంచుకోండి. పిల్లలు, ముసలివాళ్లు ఆ పూట మీ ఇంట్లో, తలుపు వేసి, టీవీ పెట్టుకుని ఉండాలి. అట్టపెట్టెలు కిరాణా కొట్టులో అడిగితే ఇస్తారు. మా వీధి కొట్టతను ముప్ఫై పెట్టెలిచ్చి డబ్బు తీసుకోలేదు, ఎందుకని అడగనూ లేదు.

భోజనం వండేయండి. పప్పు, అన్నం, ఆవకాయ, పెరుగు చాలు. బండి ఎక్కించే మనుషులకి కూడా. ఆ రోజు ఆ ఇంట్లో గ్యాస్ బండ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

వెళ్లిపోయాక?

వాట్సాప్ గ్రూపులోంచి వెంటనే తీసేయకండి. వాళ్లే బయటకు వెళ్తే వెళ్తారు. వినాయక చవితికి ఫోన్ చేసి పిలవండి. ఈ గేటు దాటి రావడం కష్టమనిపిస్తే రారు, అలాంటప్పుడు ఎవరో ఒకరు ప్రసాదం పట్టుకుని వాళ్ల అద్దింటికి వెళ్లండి. మొదటిసారి వెళ్లినప్పుడు ఇల్లు చిన్నదని, వెలుతురు లేదని అనకండి. బాగుందనీ అనకండి. కూర్చుని టీ తాగండి.

అడ్రస్ మార్పులు మెల్లగా చేయించండి: ఆధార్, గ్యాస్, ఓటు కోసం ఫారం 8, బ్యాంకు ఖాతా. అవన్నీ అయ్యేదాకా పాత అడ్రస్‌కే ఉత్తరాలొస్తాయి. వాచ్‌మన్‌కి చెప్పి ఉంచండి, తిప్పి పంపేయకుండా మీకివ్వమని. వేలంలో బాకీకి మించి డబ్బు వస్తే మిగిలింది వాళ్లదేనని చెప్పాను కదా, దాని గురించి బ్యాంకు రాసిన కాగితం కూడా ఆ పాత తలుపుకే రావచ్చు. మా ఇంట్లో టీవీ కింద డ్రాయర్‌లో రెండు కవర్లున్నాయి. ఆదివారం పట్టుకెళ్లాలి, అక్కడే కూర్చుని విప్పాలి.